అద్దాల పెట్టెలో ఏడో తరగతి సైన్సు

మా స్కూల్లో జిరాక్స్ మెషీన్‌కి ఉన్న మర్యాద టీచర్లకు ఉండేది కాదు. దానికి ప్రత్యేకంగా గది, ఆ గదికి ఏసీ, అప్పుడప్పుడూ వచ్చి కుశలమడిగి వెళ్ళే మెకానిక్. మాకు తలనొప్పి వస్తే అడిగే దిక్కు లేదుగాని, దాని పొట్టలో కాగితం ఇరుక్కుంటే ఆఫీసు మొత్తం లేచి నిలబడేది. అబూదాబీ ముసఫ్ఫాలో గ్యారేజీలన్నీ దాటాక వచ్చే స్కూళ్ళ వరసలో మాదొకటి. నేను అందులో ఆరు, ఏడు తరగతులకు సైన్సు చెప్పేదాన్ని. తెనాలిలో మా చుట్టాలు మాత్రం నేను దుబాయ్‌లో బంగారపు సుద్దముక్కతో పాఠాలు రాస్తున్నానని అనుకునేవారు. వాళ్ళ ఆనందం ఎందుకు చెడగొట్టాలని నేనూ ఊరుకునేదాన్ని.

కరోనా వెనకబట్టి, పిల్లలు మళ్ళీ బెంచీల మీదికి వచ్చిన ఏడాది సంగతి ఇది. నా ఏడో తరగతిలో ఒక తెలుగమ్మాయి ఉండేది. ఇళ్ళ నుంచి పాఠాలు జరిగిన రోజుల్లో ఆ పిల్ల అందరికంటే చురుకు. నేను ప్రశ్న పూర్తిచేసేలోగా జవాబు చెప్పేసేది. తీరా బళ్ళోకి వచ్చాక ఏమయిందో, మొద్దయి కూర్చుంది. పుస్తకం తెరిస్తే ముక్కు అందులో దూర్చేస్తుంది, తల ఎత్తదు. పరీక్ష పెడితే సగం కాగితం ఖాళీ. రెండేళ్ళు ఇంట్లో కూర్చుని పాడైపోయిందని స్టాఫ్‌రూమ్‌లో తీర్పు చెప్పేశాం. తీర్పులు చెప్పడంలో టీచర్లను మించినవాళ్ళు లేరు.

తండ్రిని పిలిపించాను. ఆయన గ్యారేజీ నుంచి నేరుగా వచ్చాడు, గ్రీజు మరకల చేతుల్ని వెనక్కి దాచుకుంటూ.

"బిడ్డ సదువుతలేదని కాదు మేడమ్, దానికి కానొస్తలేదు," అన్నాడు. "పుట్టినకాడికెల్లి కండ్లు గంతే. అద్దాలు పెట్టినా సగమే. ఆన్‌లైన్ల ఉన్నప్పుడు టాబ్లెట్ల అచ్చరాలను ఏళ్ళతోని గుంజి పెద్దగ జేస్కొని సదివేది. స్కూలోల్లు టాబ్లెట్ మళ్ళ తీస్కపోయిన్రు. ఇప్పుడు కండ్ల డాక్టరేమో ఫోన్ల జూసుడు బంద్, కాయితం మీద పెద్ద అచ్చరాలే సదవాలె అంటున్నడు. భూతద్దం కొనిచ్చిన. ఒక్కో లైను జూసేటాలకు తలకాయ నొస్తదంటది."

నాకు సిగ్గేసింది, కోపమూ వచ్చింది. స్కూల్లో చేరేటప్పుడు ఈ మాట చెప్పలేదా అని అడిగాను. చెప్పాడట. మా గేటు పక్కనే పెద్ద బోర్డు ఉంటుంది. ఈ దేశంలో అంగవైకల్యం ఉన్నవాళ్ళను ఆ మాటతో పిలవరు, దృఢసంకల్పం గలవాళ్ళంటారు. అటువంటి పిల్లలకు మా ద్వారాలు ఎప్పుడూ తెరిచే ఉంటాయని ఆ బోర్డు చెబుతుంది. ద్వారం తెరిచే ఉంది, నిజమే. లోపలికి వచ్చాక కావలసిన సంకల్పమంతా పిల్లదే.

ఆయన వెళ్ళబోతూ అసలు భయం బయటపెట్టాడు. అర్ధసంవత్సర పరీక్షల్లో అన్ని సబ్జెక్టులూ పాసైతే సరి, లేదంటే అలాంటి పిల్లలకని ఉన్న వేరే సెంటర్ చూసుకోమని మా ప్రిన్సిపల్ ముందే చెప్పాడట. ఆ సెంటర్ల ఫీజు ఆయన జీతానికి అందేది కాదు. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఏళ్ళ తరబడి క్యాంపులో మంచం మీద మంచం వేసుకుని బతికి, ఫోర్‌మన్ అయ్యాక బనియాస్‌లో ఒక గది తీసుకుని భార్యనూ కూతుర్నీ తెచ్చుకున్న మనిషి.

"స్కూల్ పోతే ఈల్లను ఇంటికి తోలుడే మేడమ్. ఖలాస్. నేను మల్ల క్యాంపుకు," అన్నాడు.

లెక్కలు, భాషలు ఆ పిల్ల ఎలాగో నెట్టుకొచ్చేది. సోషల్ వినికిడితో పట్టేసేది. ముంచేది నా సైన్సే. బొమ్మలు, బొమ్మల పక్కన చీమ తలకాయలంత అక్షరాలు.

మర్నాడు నేను టెక్స్ట్‌బుక్ తీసుకుని జిరాక్స్ గదికి వెళ్ళి, మొదటి పాఠాన్ని పెద్ద సైజు కాగితాల మీద రెట్టింపు చేసి తీశాను. ఇంతకన్నా సులువైన పని లోకంలో లేదు. ఒక బటన్. ఆ కాగితాలు బల్ల మీద పరిచినప్పుడు ఆ పిల్ల ముఖం చూడాల్సింది. "మేడమ్, అచ్చరాలు లేచి కూసున్నయి!" అంది. భూతద్దం సంచిలో పడేసి, ఇంటర్వెల్ గంట కొట్టినా వినిపించుకోకుండా చదువుతూనే ఉంది.

ఆ సుఖం ఒక్క పాఠం వరకే. రెండో పాఠం తీద్దామని వెళ్ళేసరికి మెషీన్‌కి తాళం పడింది. మీద నోటీసు: కాపీరైట్ ఉన్న ఏ పుస్తకాన్నీ ఇక్కడ నకలు తీయరాదు, తీసినవారిపై చర్య.

సంగతేమిటంటే, స్కూల్‌కి ఇన్‌స్పెక్షన్ రాబోతోంది. ఇన్‌స్పెక్షన్ అంటే మా ప్రిన్సిపల్‌కి కూతురి పెళ్ళిలాంటిది. గోడలకు రంగులు, పూలకుండీలు, మాకు కొత్త నవ్వులు. ఎవరో సలహాదారు 'మీకు కాపీరైట్ పాలసీ ఉందా' అని అడిగాడట. లేదంటే పరువు పోతుంది కదా. వారం తిరిగేలోగా మెరిసే అట్టలతో పాలసీ వచ్చేసింది. అందరం సంతకాలు పెట్టాం. అది ఇంకో స్కూల్ పాలసీకి నకలని తర్వాత తెలిసింది. మాకు లేని ఈతకొలను వాడకం గురించి కూడా అందులో ఒక పేరా ఉంది.

నవ్వొచ్చే సంగతి ఇంకోటుంది. పక్క స్కూల్ ప్రశ్నపత్రం నెత్తిన వైట్‌నర్ పూసి, మా స్కూల్ పేరు అతికించి, మళ్ళీ జిరాక్స్ తీసే విద్యలో మా పరీక్షల విభాగానికి సాటి లేదు. ఒకసారి వైట్‌నర్ పల్చగా పూయడంతో మా పిల్లలు రెండు స్కూళ్ళ పేర్లున్న పరీక్ష రాశారు. అటువంటి మా బళ్ళో హఠాత్తుగా సత్యహరిశ్చంద్రుడు వెలిశాడు.

ప్రిన్సిపల్ మన తెలుగాయనే, గుంటూరు వైపు. మీటింగుల్లో ఇంగ్లీషు తప్ప మాట్లాడడు. చీవాట్లు మాత్రం గదిలోకి పిలిచి మాతృభాషలో పెడతాడు. నేను తీసిన పెద్ద కాగితాలు ఆయన బల్ల మీదికి అప్పటికే చేరాయి.

"ఏంటండీ మేడమ్ ఇది? పాఠానికి పాఠం దింపేశారు! రేపు పబ్లిషర్ కేసు పెడితే ఎవరు సమాధానం చెబుతారు?"

"అమ్మకానికి తీయలేదండీ. పిల్లకు కళ్ళు కనపడవు. పుస్తకం డబ్బిచ్చి కొనుక్కుంది. అదే పుస్తకం అక్షరాలు పెద్దవి చేశాను, అంతే."

"కనపడకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలిగానీ జిరాక్స్ దగ్గరికి కాదు కదండీ."

నాకు తిక్క రేగింది. నేను తెనాలి మనిషిని, తిక్క రేగితే చదువుతాను. ఇంటికెళ్ళి ఈ దేశపు కాపీరైట్ చట్టం తెచ్చుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాను. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి 'టీచరు ఉద్యోగం మానేసి లాయరువు అవుతున్నావా' అన్నాడు. ఆ చట్టం రాసినవాళ్ళెవరో గాని బళ్ళో చదువుకున్నవాళ్ళే. చదువు కోసమైతే, లాభం చూసుకోకుండా, అవసరమైన మేరకు, ఎవరి రచనో చెప్పి వాడుకోవడానికి కొన్ని మినహాయింపులు ఇచ్చారు. ఆ వాక్యాల కింద ఎర్రగీతలు గీసి తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను.

ఆయన కళ్ళద్దాలు సవరించుకుని చదివాడు. శ్రద్ధగానే చదివాడు, ఆ మాట ఒప్పుకోవాలి. చదివి, కాగితం నావైపు తోశాడు.

"ఇది దేశం చట్టం మేడమ్. అది మన స్కూల్ పాలసీ. మీరు సంతకం పెట్టింది దేనిమీద?"

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మా అమ్మ అంటే వినడమే, అంతవరకూ పూజారిని ఎదురుగా చూడలేదు. ఆ పూజారి టై కూడా కట్టుకుంటాడని తెలియదు.

చివరికి ఒక దారి చూపించాడు. పబ్లిషర్ రాతపూర్వకంగా అనుమతిస్తే అభ్యంతరం లేదట. ఢిల్లీకి మెయిల్ రాశాను. పిల్ల పరిస్థితి, చూపు సంగతి, ఎన్ని పాఠాలు, ఎందుకు, అన్నీ వివరించాను. జవాబు వచ్చింది. మా పుస్తకాల మీద మీరు చూపిన ఆసక్తికి ధన్యవాదాలు, కొత్త కేటలాగ్ జతచేస్తున్నాం అని. ఈలోగా తండ్రి బనియాస్‌లో జిరాక్స్ కొట్టుకు పుస్తకం తీసుకెళ్ళాడు. కొట్టువాడు అట్ట చూడగానే చేతులు ఊపాడట, 'కితాబ్ కాపీ మమ్నూ భాయ్' అని, నిషేధమట. వాడిని తప్పుపట్టను. వాడికి వాడి ముదీర్, అదే మేనేజరు, అంటే భయం.

అప్పుడు మళ్ళీ పాలసీ తీసి చదివాను. యంత్రంతో నకలు తీయరాదని ఉంది. చేత్తో రాయరాదని లేదు. ఇండియన్ స్కూల్లో చేత్తో రాయడాన్ని ఎవడు నిషేధించగలడు? మాకు అదే ఊపిరి. మాట్లాడితే ఇంపోజిషన్, మాట్లాడకపోతే హోంవర్క్, సెలవులిస్తే చార్టు ప్రాజెక్టు. ఇక్కడి స్టేషనరీ కొట్లు బతుకుతున్నవే మా చార్టుల మీద.

మర్నాడు క్లాసులో ప్రాజెక్టు ఇచ్చాను. టెక్స్ట్‌బుక్‌ని పంచేశాను. ఎవరి వంతుకు వచ్చిన పేజీలు వాళ్ళు చార్టు ముక్కల మీద నల్ల మార్కర్‌తో, బొటనవేలి గోరంత అక్షరాలతో రాయాలి. బొమ్మలు చిక్కటి రంగుల్లో వేయాలి. ఎందుకో, ఎవరికో చెప్పాను. ఆ అమ్మాయి తల దించుకుంది. వెనక బెంచీ మలయాళీ కుర్రాడు లేచి 'అయితే నాకు ఎక్కువ పేజీలివ్వండి, నా అక్షరాలు ఎలాగూ పెద్దవే' అన్నాడు. ఆ దెబ్బతో అందరూ నవ్వేశారు, పిల్ల కూడా.

పిల్లలు రాశారు. ఎవరి పేజీ ఎవరిదో అక్షరం చూస్తే తెలిసిపోయేది. ఒకడు పెద్దపేగుకు గులాబీ రంగు, చిన్నపేగుకు నారింజ రంగు, కాలేయానికి చాక్లెట్ రంగు వేశాడు. అంత అందమైన జీర్ణవ్యవస్థ నేను చదువుకున్న కాలేజీలో కూడా చూడలేదు. తప్పులు నేను దిద్దాను. ఆ అమ్మాయి వాళ్ళమ్మ దబ్బనంతో అంచు కుట్టింది. పుస్తకం చాపంత పెద్దదయింది. రెండు బెంచీలు కలిపితేగాని తెరవడానికి కుదిరేది కాదు. ఆ పిల్ల దానిమీదకు వంగి, వేలు పెట్టి వరసవెంట చదువుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి. తర్వాతి క్లాసు పరీక్షలో పాసైంది, మామూలుగా కాదు, పై నలుగురిలో నిలిచింది. తండ్రి ఫోన్ చేసి "ఇగ నాకు బుగులు లేదు మేడమ్" అన్నాడు. నాకూ లేదనుకున్నాను.

అంతా బాగుందనుకున్నప్పుడే ప్రిన్సిపల్ రౌండ్లకు వచ్చాడు. పుస్తకాన్ని చూశాడు. ముందుకీ వెనక్కీ తిప్పాడు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"మేడమ్, ఇది కదా ఇన్‌క్లూజన్ అంటే! ఇన్‌స్పెక్టర్లకు చూపించాల్సింది ఇదే!"

పాలసీ ఏమైందని నేను అడగలేదు. అడిగే సందివ్వలేదు. మధ్యాహ్నానికల్లా పుస్తకం ఆఫీసుకు చేరింది. ప్రతి పేజీ మూలనా స్కూల్ రబ్బరు ముద్ర పడింది, సర్వహక్కులూ స్కూల్‌వేనన్న మాటతో సహా. సాయంత్రానికి లాబీలో, ఆటల్లో గెలిచిన కప్పుల పక్కన, అద్దాల పెట్టెలో కొలువుతీరింది. పైన దీపం. కింద 'దయచేసి తాకరాదు'. సొమ్మొకరిది సోకొకరిది అంటే ఇదే. రాసింది పబ్లిషర్, దింపింది పిల్లలు, కుట్టింది తల్లి, ముద్ర మాత్రం స్కూల్‌ది.

పరుగెత్తుకెళ్ళాను. "సార్, పరీక్షలకు ఇంకో వారమే ఉంది. ఆ పిల్ల చదువుకునేది ఆ పుస్తకంలోనే."

"ఇన్‌స్పెక్షన్ అయిపోగానే ఇచ్చేద్దాం మేడమ్. ఈలోగా టెక్స్ట్‌బుక్ ఉంది కదా."

"టెక్స్ట్‌బుక్ కనపడకే కదండీ ఇది రాయించింది!"

"మీరు మరీ ఎమోషనల్ అవుతారండీ," అన్నాడు ఆయన, నాకు టీ తెప్పిస్తూ. ఆ టీ తాగకుండా లేచి వచ్చాను. అదొక్కటే నేను చేసిన విప్లవం.

మధ్యాహ్నం భోజనాల వేళ ఆ పిల్లను కూర్చోబెట్టుకుని పాఠాలు చదివి వినిపించాలని చూశాను. ఇన్‌స్పెక్షన్ ముందు టీచరుకు భోజనాల వేళ అంటూ ఉండదు. ఫైలు తే, చార్టు మార్చు, గోడకు ఆకులు అంటించు అంటూ మధ్యలోనే లాక్కుపోయేవారు. లాబీకి వెళ్ళి పెట్టెలో పేజీ అయినా తిప్పుదామంటే తాళంచెవి ప్రిన్సిపల్ జేబులో. ఫోటోలకు బాగుంటుందని జీర్ణవ్యవస్థ పేజీలే తెరిపించి పెట్టాడు. గులాబీ పేగులు దీపం కింద నిగనిగలాడేవి.

ఆ అమ్మాయి ప్రతి ఇంటర్వెల్‌కీ వెళ్ళి ఆ అద్దానికి ముక్కు ఆనించి నిలబడేది. కనపడే ఆ రెండు పేజీలే చదివేది, మళ్ళీ మళ్ళీ. ఆయా వచ్చి అద్దం మీద పడిన ముక్కు ముద్రను గుడ్డతో తుడిచేది. ఇన్‌స్పెక్టర్లు వచ్చారు, చూశారు, మెచ్చుకున్నారు. ప్రిన్సిపల్ ఆ పెట్టె పక్కన ఫోటో దిగాడు. ఇన్‌క్లూజన్‌లో మాకు మంచి మాట వచ్చింది. స్టాఫ్‌రూమ్‌లో కేకు కోశారు. ఇస్తామన్న పుస్తకం మాత్రం పరీక్ష దాకా పెట్టెలోనే ఉండిపోయింది.

పరీక్ష రోజు ఆ పిల్లకు ప్రశ్నపత్రాన్ని మాత్రం పెద్ద సైజులో ఇచ్చారు. దానిమీద హక్కులు స్కూల్‌వి కాబట్టి ఇబ్బంది లేదట. సగం ప్రశ్నలు ఎవరివో వైట్‌నర్‌కే తెలియాలి.

మా స్కూల్లో ఒకరి క్లాసు పేపర్లు ఇంకొకరు దిద్దుతారు. ఆ పిల్ల పేపరు దిద్దిన టీచరు దాన్ని నాకు చూపించింది. జీర్ణవ్యవస్థ ప్రశ్నకు జవాబు అక్షరం పొల్లుపోలేదు. బొమ్మతో, భాగాల పేర్లతో, నేను దిద్దిన తప్పుల సవరణలతో సహా ఉంది. మిగతా చోట్ల ఒకటి రెండు మొదలుపెట్టి వదిలేసిన వాక్యాలు, తర్వాత అంతా తెలుపు. నేను ఆ తెల్ల కాగితాలను చాలాసేపు తిప్పుతూ కూర్చున్నాను. ఎవరినైనా కొట్టాలనిపించింది. కొట్టదగిన మనిషి అప్పుడే మైకులో అందరికీ అభినందనలు చెబుతున్నాడు.

స్కూల్ చాలా మర్యాదగా నడుచుకుంది. తల్లిదండ్రుల్ని పిలిచి, కాఫీ ఇచ్చి, సైన్సు తప్పింది కాబట్టి వేరే సెంటర్ చూసుకోమని 'అమ్మాయి మేలు కోరే' చెబుతున్నామన్నారు. తండ్రి వాదించలేదు. వీసా ఇచ్చిన కఫీల్ ముందూ ముదీర్ ముందూ తల ఊపి ఊపి అలవాటైన మెడ అది, ఇక్కడా అలాగే ఊపాడు. టికెట్లు తీసుకున్నాడు. టీసీ తీసుకోవడానికి భార్యనూ కూతుర్నీ వెంటబెట్టుకుని వచ్చిన రోజు నేను కూడా ఆఫీసులోనే ఉన్నాను. సంతకాలయ్యాక ఆయన ప్రిన్సిపల్‌ని అడిగాడు.

"సార్, గా అద్దాల పెట్టెల బుక్కు మా బిడ్డ కోసం రాసిన్రు. అది ఇస్తే ఊర్ల సదువుకుంటది."

ప్రిన్సిపల్ నొచ్చుకున్నాడు, నిజంగానే. "అది స్కూల్ ఆస్తి అయిపోయింది కదండీ. రికార్డుల్లోకి ఎక్కింది."

"సార్, ఒక్క మాట," అని నేను లేచాను. "ఇప్పుడు దాని హక్కులు కూడా మీవేనన్నారు. ముద్ర కూడా వేశారు. అయితే అనుమతి ఇవ్వాల్సింది మీరే. కనీసం నకలు తీసివ్వండి."

ఆ మాట ఆయనకు నచ్చింది. అనుమతి ఇచ్చే అవకాశం రావడం ఎవరికి నచ్చదు? "తప్పకుండా! స్కూల్ తరఫున కానుక!" అని ఆఫీసు కుర్చీలన్నీ వినేలా ఆర్డరేశాడు. పెట్టె తాళం తీశారు. మెషీన్ తాళం తీశారు. నన్ను పక్క క్లాసు చూసుకోమన్నారు. నేను తిరిగి వచ్చేసరికి పని పూర్తయింది. నీలం రిబ్బను కట్టిన ఫైలు, మీద స్కూల్ బొమ్మ. ప్రిన్సిపల్ స్వయంగా ఆ పిల్ల చేతిలో పెట్టి తల నిమిరాడు. క్లర్కు ఫోటో తీశాడు. తండ్రి రెండు చేతులూ జోడించాడు.

పిల్ల రిబ్బను విప్పింది. చాపంత పుస్తకం మామూలు కాగితం సైజుకు రావాలి కదా, ఆఫీసువాళ్ళు చక్కగా కుదించి తీశారు. బొటనవేలి గోరంత అక్షరాలు మళ్ళీ చీమ తలకాయలంత అయ్యాయి. రంగులన్నీ బూడిదరంగు. మూల ముద్ర మాత్రం ప్రతి పేజీలోనూ స్పష్టంగా పడింది.

ఆమె ఒక కాగితాన్ని ముక్కుకు ఆనించుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది, కిటికీ వెలుతురుకేసి పట్టుకుంది. తర్వాత నావైపు తిరిగి మెల్లగా అడిగింది.

"మేడమ్, ఇవేం కాయితాలు?"